చేపల టబ్బూ, లైట్‌హౌస్ నోట్‌బుక్కూ

సావనీర్‌కి ఏదన్నా రాయమంటే అందరూ ఎలాగూ మెస్ సాంబారు గురించే రాస్తారు, నేను మాత్రం 2003లో ఒక రాత్రి మన హాస్టల్లో చూసిన సినిమా గురించి రాస్తా. ఆరుగురం, ఒక్క కంప్యూటరు, వైజాగ్ జగదాంబ సెంటర్ వైపు నుంచి ఎవరో పట్టుకొచ్చిన సీడీ. 'కాన్‌స్పిరేటర్స్ ఆఫ్ ప్లెజర్' అని 1996 నాటి చెక్ సినిమా, తీసింది యాన్ ష్వాంక్‌మాయర్. పేరు చూసి ఏదో ఆశపడి తలుపు గడియ పెట్టారు, నేనూ ఆశపడ్డాననుకోండి.

పావుగంటయినా ఎవడూ నోరు విప్పడే! స్పీకర్ వైరు పీకి మళ్ళీ పెట్టాం, చప్పుళ్ళు వస్తున్నాయి గానీ మాటల్లేవు. సినిమా మొత్తం డైలాగే లేదని ఆఖర్నగాని తెలీలేదు. ఒకడు కాయితాలు చింపి జిగురు పూసి కోడిపుంజు తలకాయ చేసుకుంటాడు, ఉత్తరాలు పంచే ఆవిడ రొట్టె పీకి చిన్న చిన్న ఉండలు చుట్టి ముక్కులోకీ చెవుల్లోకీ ఎక్కించుకుంటుంది, పేపర్ల కొట్టువాడు టీవీలో వార్తలు చదివే ఆవిడ మీద పిచ్చితో తనని నిమిరే చేతుల మిషను కడతాడు, ఆవిడేమో ఇదేం తెలీకుండా ఇటు వార్తలు చదువుతూనే అటు బల్ల కింద టబ్బులో చేపల చేత కాలివేళ్ళు చప్పరింపించుకుంటుంది. ఆ వార్తలావిడ మొగుడు పోలీసు, ఆయన లోకం ఆయనది, అప్పడాల కర్రలకి బొచ్చూ మేకులూ తగిలించుకుంటూ.

"ఏటిరా బాబూ ఇది" అన్నాడు మా శ్రీకాకుళం వాడు. అందరం పడీపడీ నవ్వాం. ఎంత శ్రద్ధగా చేసుకుంటారో గానీ ఆ సినిమాలో వాళ్ళు, పెళ్ళివారి సారె సర్దినట్టు! మళ్ళీ మెట్ల మీద ఎదురుపడితే ఏమెరగనట్టు పోతారు.

చివర్లో సలహాలిచ్చినవాళ్ళంటూ మనస్తత్వాల డాక్టరు ఫ్రాయిడ్, స్పెయిన్ సినిమా డైరెక్టర్ బున్యుయెల్ పేర్లు పడ్డాయి, ఎవడూ లేవలేదు. అప్పుడు శ్రీకాకుళం వాడు పెట్టె తాళం తీసి ఒక లాంగ్ నోట్‌బుక్ బయటపెట్టాడు. రోజూ రాత్రి డాబా ఎక్కి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి రాసినవి, తేదీలతో సహా, మంచు పట్టి కనపడని రోజు ఎర్ర పెన్నుతో అడ్డగీత. రెండేళ్ళుగా మేం వాడు ఎవరో అమ్మాయి కోసం డాబా ఎక్కుతున్నాడనుకున్నాం!

నావి మాత్రం ఆ రాత్రి బయటపెట్టలేదు. చాక్లెట్ రేకులు, గోటితో ముడత లేకుండా సాపు చేసి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలో పేజీకొకటి చొప్పున దాచినవి. పరీక్షల ముందు ఆ పుస్తకం ఎంతడిగినా ఇవ్వలేదని ఇప్పటికీ దెప్పుతుంటారు కదా, అదీ సంగతి.