పాపకి పసరు పోయించమన్నప్పుడు

పాపకి అప్పుడు ఏడో నెల. జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలూ లేవు. ఒట్టి జ్వరం. చుక్కల మందు వేస్తే తగ్గేది, కాసేపటికి ఒళ్లు మళ్లీ కాలిపోయేది. పాలు నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఏడ్చేది. పళ్లు వస్తున్నాయేమో అన్నారు మా అత్తయ్య. పళ్లకి 103 జ్వరం రాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి, రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్షకి రాశారు.

మూత్రం కోసం బ్యాగ్ అతికిస్తే చర్మం మీది క్రిములు కూడా కలుస్తాయట. అందుకని సన్నటి గొట్టం వేసి తీశారు. నర్సమ్మ కాళ్లు పట్టుకుంటే పాప ఊపిరి బిగపట్టి ఏడ్చింది. సీసాలోకి వచ్చింది కొంచెమే, అదీ బియ్యం కడిగిన నీళ్లలా మబ్బుగా ఉంది.

అందులో చీము కణాలు నిండా ఉన్నాయి. కానీ మమ్మల్ని హడలగొట్టింది రక్తం రిపోర్టులోని లివర్ ఎంజైముల అంకెలు. ఎస్‌జీపీటీ 168, ఎస్‌జీఓటీ 140. పక్కనేమో 40 లోపు ఉండాలని రాసి ఉంది. ఫోన్లో ఆ మాట వినగానే ఊళ్లోవాళ్లు కామెర్లని తేల్చేశారు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, తెల్లారేసరికి తీసుకురండి అన్నారు.

డాక్టరమ్మ పాప కనురెప్ప కిందికి లాగి మాకు చూపించారు. "తెల్లగానే ఉంది కదమ్మా. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ కూడా మామూలుగానే ఉంది, ఇవి కామెర్లు కావు. ఒంట్లో ఎక్కడ పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా పసిపిల్లల లివర్ మీద ఆ ప్రభావం పడుతుంది. ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గిద్దాం. ఆకు పసర్లు మాత్రం వద్దు, ఏ ఆకులో ఏముందో ఎవరికీ తెలియదు, కొన్ని లివర్‌నే పాడుచేస్తాయి" అన్నారు. అత్తయ్యకి కూడా ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. అందుకు ఆవిడకి ఎంత రుణపడి ఉన్నామో!

అంతటితో వదిలెయ్యలేదు. హెపటైటిస్ పరీక్షలు, కడుపు స్కానింగ్ చేయించారు. పారాసిటమాల్ ఎంత వేశామో సిరంజి తెప్పించి మరీ చూశారు. ఒక్కసారికి కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు దాటకూడదు, పైగా చుక్కల మందు సిరప్ కంటే చాలా చిక్కన. సిరప్ కొలతలో చుక్కలు వేస్తే లివర్‌కి ప్రమాదమే. మా లెక్క సరిగ్గానే ఉంది.

మూత్రంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఈ-కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. అప్పటికే నరానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ ఇంజెక్షన్ మందు సెఫ్ట్రియాక్సోన్ వల్ల కూడా ఒక్కోసారి ఈ అంకెలు కొంచెం పెరుగుతాయి, అందుకే మధ్యలో మళ్లీ చూస్తాం అన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా టెన్షన్‌తో నాకు అన్నం సహించలేదు. జ్వరం దిగింది, పాప పాలు పూర్తిగా తాగింది, ఎస్‌జీపీటీ సగానికి పడింది. తర్వాత నెలకి మామూలైంది. కిడ్నీ స్కానింగ్‌లోనూ తేడా ఏమీ లేదు.

ఇప్పటికీ పాపకి కారణం కనిపించని జ్వరం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కి ఇస్తాం.