కోడి తొడకు ఎథిక్స్ అనుమతి: నా అనుభవం

మా అధ్యయనంలో మొదటి బృందం పోయిన వారమే సాధన మొదలుపెట్టింది. పీజీ విద్యార్థులు కోడి తొడలో ఉండే రక్తనాళాన్ని మైక్రోస్కోపు కింద కోసి, తిరిగి కుట్టి, ఆ కుట్టును పరీక్షకు ఇవ్వడం తప్ప అందులో మరేమీ లేదు. ఈ మాత్రం పనికి అనుమతి వచ్చేలోపు, ఇందులో పాల్గొంటానని అందరికంటే ముందు పేరిచ్చిన విద్యార్థి కోర్సు పూర్తిచేసుకొని వెళ్ళిపోయాడు. నేను కర్నూలులో ఉంటాను, ఒక బోధనాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే ఇంకా అక్కడే ఉద్యోగం చేయాలి. కానీ ఇలాంటి పరిశోధన తలపెట్టిన చిన్న ఊళ్ళ సర్జన్లకు ఎక్కడ చిక్కుపడతారో ముందే తెలిస్తే మేలు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కు సరిచేయడమూ ముడతలు తీయడమూ అనుకునేవాళ్ళు ఒక పంట కాలం మా క్యాజువాలిటీలో కూర్చుంటే చాలు. ఆదోని జిన్నింగ్ మిల్లుల నుంచి, బేతంచెర్ల నాపరాళ్ళ కోత యంత్రాల నుంచి, 44వ జాతీయ రహదారి మీది ప్రమాదాల నుంచి నలిగిన చేతులు, తెగిన వేళ్ళు మా దగ్గరికి వస్తుంటాయి. పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని రక్తనాళాలు కలిపి తిరిగి అతికించడం 1965లో జపాన్‌లో కొమట్సు, తమాయ్ అనే సర్జన్లు మొదటిసారి చేసి చూపించారు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ పని సులువు కాలేదు. వేలిలోని ధమని లావు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, దాన్ని కుట్టే టెన్-జీరో నైలాన్ దారం మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఒక్క కుట్టు పొరపాటున వెనుక గోడను పట్టిందంటే రక్తం గడ్డకట్టి, అతికించిన వేలు నల్లబడుతుంది. (తెగిన వేలిని ఇప్పటికీ నేరుగా ఐసు ముక్కల్లో వేసి తెస్తున్నారు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతికట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచాలని ఎన్ని సార్లు చెప్పినా మాకే విసుగు తప్ప వినేవాళ్ళు తక్కువ.)

ఈ కుట్టును మా తరం చాలావరకు రోగుల మీదే నేర్చుకుంది. సీనియర్ కుడుతుంటే పక్కన నిలబడి చూడడం, ఒక రాత్రి ఆయన అలసిపోయినప్పుడు సూది పట్టుకోవడం, అంతే శిక్షణ. ఇప్పుడు ప్రపంచమంతటా ఈ పద్ధతిని మార్చే పరిశోధన జరుగుతోంది. ముందు బల్ల మీద నేర్పాలి, నేర్చుకున్నది కొలవాలి, ఆ తరువాతే రోగి దగ్గరికి పంపాలి అన్నది దాని సారాంశం. 2006లో ప్రచురితమైన టొరంటో అధ్యయనంలో 38 మంది జూనియర్ సర్జరీ రెసిడెంట్లను రెండుగా విడదీసి, ఒక బృందానికి నాలుగు శిక్షణ తరగతులనూ ఒకే రోజు, మరొక బృందానికి వారానికొకటి చొప్పున చెప్పారు. నెల తరువాత పరీక్షిస్తే వారానికొకటి నేర్చుకున్నవాళ్ళే మెరుగ్గా కుట్టారు. కొలవడానికి కూడా ఇప్పుడు పద్ధతులున్నాయి. అనస్టమోసిస్ లాప్స్ ఇండెక్స్ అనేదానిలో కుట్టిన నాళాన్ని నిలువునా చీల్చి, లోపలి గోడను ఫొటో తీసి, పది రకాల లోపాలలో ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. ఎవరు కుట్టారో లెక్కించేవాళ్ళకు తెలియదు కాబట్టి ‘మనవాడు’, ‘కానివాడు’ అనే తేడా ఉండదు. మా దగ్గర ఉన్నది ఈ.ఎన్.టీ. విభాగం వాళ్ళు వదిలేసిన పాత చెవి మైక్రోస్కోపు ఒక్కటే. ఆ ఒక్కదానితో, జనరల్ సర్జరీ, ఆర్థోపెడిక్స్ పీజీలను కూడా కలుపుకొని, వారాల మీద పరచిన సాధనా, ఒకే రోజు గట్టిగా చేయించిన సాధనా, ఏది మా పిల్లలకు ఎక్కువ నిలుస్తుందో చూడాలనుకున్నాను.

మొదటి మెట్లన్నీ సాఫీగానే గడిచాయి. నేషనల్ మెడికల్ కమిషన్ తప్పనిసరి చేసిన పరిశోధన మౌలిక కోర్సును ఆన్‌లైన్‌లో అంతకుముందే పూర్తిచేశాను. మా హెచ్.ఓ.డీ. (విభాగాధిపతి) ప్రొటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక, చదివి సంతకం చేశారు, కమ్యూనిటీ మెడిసిన్‌లోని స్టాటిస్టీషియన్ ఒక మధ్యాహ్నం కూర్చొని లెక్క తేల్చిపెట్టారు, కాలపరిమితి దాటిన దారాలను థియేటర్ సిస్టర్లు పడేయకుండా నాకోసం దాచిపెట్టారు.

తరువాత ఫైలు ఎథిక్స్ కమిటీకి, అంటే మనుషులు పాల్గొనే పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసి అనుమతినిచ్చే కమిటీకి, వెళ్ళింది.

దరఖాస్తులో ‘జంతువులను వాడుతున్నారా’ అనే గడి ఉంది. వాడడం లేదనీ, బజారులో ఆహారంగా అమ్మే కోడి తొడలను కొంటామనీ రాశాను. కొన్ని వారాల తరువాత ఫైలు వెనక్కి వచ్చింది. ‘కోడి జంతువు గనుక జంతు ప్రయోగాల కమిటీ అనుమతి జతచేయవలెను’ అని ఎర్రసిరాతో రాసి ఉంది. చూసి నవ్వుకున్నాను, అదే రోజు ఆ రెండో కమిటీ గదికి వెళ్ళాను. ఫార్మకాలజీ పాఠాలు కంప్యూటరు నమూనాల మీదికి మారిన తరువాత మా దగ్గర ఎలుకలూ లేవు, కుందేళ్ళూ లేవు, ఫారాలు మాత్రం ఉన్నాయి. నాకిచ్చిన ఫారంలో జంతువు జాతి, వయస్సు, బరువు, ఉంచిన గది ఉష్ణోగ్రత, మేత, మత్తు ఇచ్చే పద్ధతి, ప్రయోగం ముగిశాక ప్రాణం తీసే పద్ధతి అడిగారు. ఉదయం సి క్యాంపు దుకాణంలో కొట్టించి తెచ్చిన కోడికి నేను మత్తు ఎలా ఇవ్వాలి? వర్తించదని రాశాను. ఆ గళ్ళలో వర్తించదని రాయకూడదని చెప్పి ఫారం నా చేతికే తిరిగి ఇచ్చారు.

నాకు ఒక జబ్బు ఉంది, ఎవరైనా నియమం అంటే ఆ నియమాన్ని వెతికి చదువుతాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి కాని, ప్రాణంతో ఉన్న జీవి అనే నిర్వచనం ఉంది. జంతు ప్రయోగాల కమిటీలు నడిచే 1998 నాటి నిబంధనలు ఆ చట్టం కిందివే. ఆ పేజీని ముద్రించి, నిర్వచనం కింద గీత గీసి తీసుకెళ్ళాను. అక్కడి అధికారి చదివి, “నిజమే మేడమ్, ఇది మా పరిధిలోకి రాదు” అన్నారు. ఆ ఒక్క మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాను. “మా పరిధిలో లేనిదానికి మేము ఉత్తరం ఎలా ఇస్తాం?” అన్నారు. ఆ మాట పట్టుకొని ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ దగ్గరికి వెళితే, రాతపూర్వకంగా లేనిదే ఫైలు ముందుకు కదలదన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండు గదుల మధ్య వరండా ఒక్కటే ఉంది, ఆ వరండాలో నేను నడిచిన నడకకు ఈపాటికి మంత్రాలయం చేరి ఉండేదాన్ని.

చివరికి ఉపాయం చెప్పినది ఆఫీసులోని సీనియర్ అసిస్టెంటు. నేనే అడగకుండా మా హెచ్.ఓ.డీ. చేత, ‘ఈ క్రింది ప్రతిపాదన మీ పరిధిలోకి వచ్చునా రాదా తెలుపగలరు’ అని అధికారికంగా లేఖ రాయించి, ఇన్‌వార్డు నంబరు (కాగితం అందినట్టు కార్యాలయం వేసే నంబరు) వేయించమన్నారు. నంబరు పడ్డ కాగితానికి ఎవరో ఒకరు జవాబివ్వక తప్పదు. వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఏ కార్యాలయంలోనూ నోటిమాట మీద గది దాటి రావద్దు, ఇన్‌వార్డు ముద్ర పడేదాకా ఆ బల్ల దగ్గరే నిలబడండి. ప్రొటోకాల్ ఎంత బాగా రాశారన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

ఆ కాగితంతో నన్ను సమావేశానికి పిలిచారు. ఐ.సీ.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి కమిటీకి అధ్యక్షుడు బయటి సంస్థవారై ఉండాలి, సభ్యుల్లో న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రవేత్త, వైద్య వృత్తి నేపథ్యం లేని సామాన్య పౌరుడు ఉండాలి. లోపల అందరూ ఉన్నారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. ఎందుకు ఈ అధ్యయనం, ఏం కొలుస్తారు అని ఎవరైనా అడుగుతారని స్లయిడ్లు సిద్ధం చేసుకొని వెళ్ళాను. మొదటి స్లయిడు తెరమీదికి రాగానే ఒక పెద్ద డాక్టరుగారు, “చూడమ్మా, కుట్టడం అయ్యాక ఆ తొడలు ఏం చేస్తారు? డిపార్ట్‌మెంటులో బిర్యానీయా?” అన్నారు. గది గదంతా నవ్వింది. పక్కనున్నాయన, కోళ్ళ బిల్లులు ఎవరి పద్దు కింద రాస్తారని అందుకున్నారు. ఇంకొకరు, కోడి మీద నేర్చుకున్నవాడు మనిషిని కుడితే మనిషి ఒప్పుకుంటాడా అన్నారు. నేను చదివిన చదువుకూ, ఆ గదిలో నిలబడి విన్న వెటకారానికీ ఏమీ పొంతన లేదు. మగ సహోద్యోగి నిలబడి ఉంటే ఆ బిర్యానీ ప్రశ్న వచ్చేది కాదని నా నమ్మకం, కాదనేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

మూడో ప్రశ్నకు మాత్రం జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. సుశ్రుతుడి బొమ్మ లేని సర్జరీ విభాగం మన రాష్ట్రంలో ఉండదు, ఆ గదిలోనూ గోడమీద ఒకటి ఉంది. ఆయన సంహిత సూత్రస్థానంలో శిష్యుల సాధన గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. కోతలను గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద నేర్పాలనీ, నాళాన్ని పొడవడం చచ్చిన పశువుల సిరల మీదా కలువ తూడుల మీదా నేర్పాలనీ, శాస్త్రమంతా చదివినా చేతి సాధన లేనివాడు పనికి అర్హుడు కాడనీ అందులో చెప్పారు. “ఆయన ఏ కమిటీని అడిగారో నాకు తెలియదు సార్, నేను మాత్రం రెండింటినీ అడిగాను” అన్నాను. ఈసారి నవ్విన నవ్వు వేరు. ఆ మాట అన్నందుకు నాకు ఈరోజుకీ గర్వంగానే ఉంది.

అసలు అడగవలసిన ప్రశ్నను ఆ గదిలో ఒక్కరే అడిగారు. రిటైరైన పాఠశాల ఉపాధ్యాయుడు, సామాన్య పౌరుల తరఫు సభ్యుడు, అప్పటిదాకా నోరు తెరవలేదు. “అమ్మా, ఇందులో చేరే పిల్లలు మీ దగ్గర చదువుకుంటున్నవాళ్ళే కదా. రేపు వాళ్ళకు మార్కులు వేసేదీ మీరే. వద్దనాలని ఉన్నా వాళ్ళు వద్దనగలరా?” అన్నారు. శిక్షణ మీద జరిగే పరిశోధనలో ఉన్న చిక్కంతా ఇదే. కోడి చచ్చిపోయింది, దానికి వచ్చే నష్టం లేదు. నష్టపోగలిగినవాడు విద్యార్థి. పై అధికారి మాట కాదనలేని విద్యార్థులనూ ఉద్యోగులనూ ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా చూడాలని ఆ ఐ.సీ.ఎం.ఆర్. మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందుకే సమ్మతి పత్రం మా విభాగానికి సంబంధం లేని వ్యక్తి తీసుకుంటారనీ, ఎవరు చేరారో ఎవరు మానుకున్నారో పరీక్షలు ముగిసేదాకా నాకు తెలియనివ్వరనీ, వీడియోల్లో చేతులు, కోడ్ నంబరు మాత్రమే ఉంటాయనీ, వాటిని బయటి ఊళ్ళ సర్జన్లు చూసి మార్కులు వేస్తారనీ, ఆ మార్కులు లాగ్‌బుక్కులోకి ఎక్కవనీ ప్రొటోకాల్‌లో ముందే రాశాను. ఆయన తల ఊపి, “చదివానమ్మా, మీ నోటితో చెబితే విందామని అడిగాను” అన్నారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఆ పేజీ తిప్పినది ఆయనొక్కరేనని నాకు అప్పుడే అర్థమైంది. కమిటీల్లో సామాన్య సభ్యుణ్ణి సంతకం కోసం కూర్చోబెట్టే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. మీ కమిటీలో అలాంటివారు ఉంటే ఆయనకు తెలుగులో సారాంశం ముందుగానే పంపండి, మిగతావాళ్ళకు పంపినా పంపకపోయినా ఒకటే.

అనుమతి ఒక షరతుతో వచ్చింది, వ్యర్థాలను ఎలా పారవేస్తామో రాసివ్వాలి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చూసుకొని, మాంసం పసుపు సంచిలోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి వెళతాయని రాసిచ్చాను. బిర్యానీ ప్రశ్నకు అధికారిక సమాధానం అలా దస్త్రంలోకి ఎక్కింది. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం దాని పక్కన ఏ మాత్రం కష్టమనిపించలేదు. ఆన్‌లైన్‌లో నింపితే వాళ్ళు అడిగిన సందేహాలు స్పష్టంగా, మర్యాదగా ఉన్నాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే నమోదు కావాలన్న నియమం ఉంది కాబట్టి, పిల్లలు ఎంత తొందరపెట్టినా నంబరు వచ్చేదాకా మైక్రోస్కోపు మీది గుడ్డ తీయనివ్వలేదు.

కోళ్ళ దుకాణం భాషాగారితో కూడా కొంచెం సమయం పట్టింది. ఆయన అలవాటుగా కత్తి రెండు దెబ్బలు వేసి ఇస్తే ధమని మధ్యలో తెగిపోతుంది. తొడను తుంటి దగ్గర నుంచి ముక్కలు కొట్టకుండా విడదీసి ఇవ్వాలని ఒకసారి వేలితో చూపిస్తే చాలు, ఆ తరువాత ఏనాడూ తేడా రాలేదు. ఇప్పుడు మా కుర్రవాళ్ళు వెళ్ళినా “డాక్టరమ్మ తొడలా?” అని అడిగి పక్కన పెట్టినవి ఇస్తున్నారు.

ఆరు నెలలకోసారి కమిటీకి పంపవలసిన ప్రగతి నివేదిక నమూనా నిన్న వచ్చింది. పాల్గొన్నవారి సంఖ్య, మధ్యలో మానుకున్నవారి సంఖ్య, వాటి కింద ‘ప్రస్తుతం సజీవంగా ఉన్న ప్రయోగ జంతువుల సంఖ్య’ అనే గడి ఉంది. వర్తించదని రాయకుండా సున్నా అని రాశాను, ఇన్‌వార్డు ముద్ర కూడా వేయించుకున్నాను.