ద గ్లోరీ చూసి రెండు రోజులైంది, ఇంకా మనసులోంచి పోలేదు

పగ కథలంటే కత్తులూ ఛేజింగులూ అనుకునేదాన్ని. ఈ కొరియన్ సిరీస్‌లో కథానాయిక మూన్ డాంగ్ ఉన్ ఆయుధం ఓపిక. స్కూల్లో తనని హింసించినవాళ్ల కోసం ఏళ్ల తరబడి సిద్ధమవుతుంది. ఫ్యాక్టరీలో పని చేస్తూ చదువుకుంటుంది, ఒక మనిషికి దగ్గరవడానికి బదూక్ అనే బోర్డు ఆట నేర్చుకుంటుంది, చివరికి శత్రువు కూతురికే టీచర్‌గా వెళ్తుంది. ఆమె చొక్కా చేతుల కింద దాచుకున్న కాలిన మచ్చలు చూసినప్పుడు నాకు ఏడో తరగతి గుర్తొచ్చింది. వెనక బెంచీ నవ్వులు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని ఆ సాయంత్రాలు. ఎపిసోడ్ ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

డాంగ్ ఉన్‌గా సాంగ్ హే క్యో నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. ముఖంలో ఏమీ కదలదు, కళ్లు మాత్రం అన్నీ చెబుతాయి. మొత్తం 16 ఎపిసోడ్లు, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. మొదటి ఎపిసోడ్‌లో హెయిర్ కర్లర్‌తో కాల్చే సీన్ చాలా కష్టంగా ఉంటుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి.

ఇంత బరువు వద్దనుకుంటే 2021లో వచ్చిన టాక్సీ డ్రైవర్ చూడండి. న్యాయం దొరకనివాళ్ల తరఫున ఒక టాక్సీ కంపెనీ పగ తీరుస్తుంది. విన్సెంజో కూడా బాగుంటుంది, నవ్వులెక్కువ. కానీ ముందు డాంగ్ ఉన్‌నే కలవండి. చూసినవాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, ఆమె గురించి మాట్లాడుకోవాలనుంది.