చౌడు మడిలో వరి వేళ్లు

మా పొలం మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. కాలువను ఆనుకున్న మడిలో ఎండాకాలం వస్తే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మొన్న యాసంగిలో అక్కడ ఒక వరి దుబ్బు పీకి, పక్క మడి దుబ్బుతో పాటు బకెట్ నీళ్లలో కడిగి చూశాను. మంచి మడి దుబ్బుకు పిల్లవేళ్లు గుబురుగా ఉన్నాయి, చౌడు మడి దుబ్బుకు ఏదో నాలుగు పోగులు.

వేళ్లు ఉప్పుకు మాడిపోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నా. అది సగమే నిజం. ఉప్పు తగిలితే కొన్ని మొక్కలు పిల్లవేళ్లను కావాలనే కొంతకాలం ఆపుకుంటాయి. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను చేసే పని అది, అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని స్పష్టంగా చూశారు. ఇంకా వింత ఏంటంటే టమాట, జొన్న వేళ్లు ఉప్పు ఎక్కువున్న వైపు నుంచి పక్కకు వంగి పెరుగుతాయి, కళ్లు లేని వేరుకు ఆ దిక్కు ఎలా తెలుస్తుందో అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉప్పుతో లోపలికి వచ్చిన సోడియంను మొక్కలు కణంలోని సంచుల్లో దాచేస్తాయి, చాలావరకు ముసలి ఆకులకు పంపేస్తాయి. మా వరిలో ముందు కింది ఆకుల కొసలు ఎండేది అందుకేనన్నమాట!

మట్టిలో ఉప్పును మీటరుకు ఇన్ని డెసీసీమెన్లు అని కొలుస్తారు. వరి తట్టుకునేది 3 డెసీసీమెన్ల దాకానే, పత్తి 7 దాటినా నిలబడుతుంది. నాయనతో మాట్లాడాను, ముందు మట్టి పరీక్ష చేయిస్తాం, ఈసారి ఆ మడిలో నాటుకు ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నుతాం.