పాత పడవకు కొత్త మోకు

పరాయి దేశంలోని ఈ పడవల మరమ్మతు యార్డులో చేరిన కొత్తలో, తెరచాపను స్తంభం మీదికి ఎత్తే మోకును హాల్యార్డ్ అంటారని కూడా నాకు తెలియదు. ఇప్పుడు పాత పడవకు ఏ మోకు వేయించాలో తేల్చుకోలేక వచ్చినవారిని మా మేస్త్రీ నా దగ్గరికే పంపుతున్నాడు. వారిలో చాలామంది డైనీమాయే, అంటే చాలా బలమైన, దాదాపు సాగని కృత్రిమ నార మోకే, కావాలని ముందే నిశ్చయించుకుని వస్తారు. నేను మాత్రం ముందు స్తంభం కొసనున్న కప్పీని చూడనివ్వమంటాను.

ఈమధ్య వచ్చిన పడవకు సగం ఉక్కుతీగ, సగం తాడుగా ఉండే పాతకాలపు హాల్యార్డ్ ఉంది. సాగని మోకులు దొరకని రోజుల్లో అదే పద్ధతి. స్తంభం మీదికి తాడుతో లాగే కుర్చీలో కూర్చుని పైకి వెళ్లి కప్పీ గాడిని వేలితో తడిమితే, తీగ కోసం ఇరుకుగా చేసిన ఆ గాడి అంచులు ఏళ్ల తరబడి ఒరిపిడికి రంపపు పళ్లలా తేలి ఉన్నాయి. చేతి తొడుగు దారం దానికి చిక్కుకుని తెగింది. అక్కడ ఎంత మేలైన మోకు వేసినా పై అల్లిక చిరగక మానదు. కాబట్టి గుండ్రని, వెడల్పాటి గాడి ఉన్న కప్పీ వేసిన తరువాతే మోకు మాట.

బిగువులో ఉన్న 15 మీటర్ల మోకు ఒక్క శాతం సాగినా తెరచాప 15 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ముందు అంచు ముడతలు పడి, గాలి హెచ్చినప్పుడే చాప బొజ్జ, అంటే గాలికి ఉబ్బే భాగం, వెనక్కి జరిగి, పడవ మరింత ఒరుగుతుంది. అయినా తీరిగ్గా తిరిగే పడవలో, మెత్తబడిపోయిన పాత పెద్దచాపకు పాలిస్టర్ డబుల్ బ్రెయిడ్ (లోపలి అల్లిక మీద తొడుగుగా మరో అల్లిక ఉండే మోకు) చాలునని నా అభిప్రాయం. చుట్టుకునే ముందుచాప నెలల తరబడి ఎత్తే ఉంటుంది గనుక, దానికి డైనీమా పెట్టడంలో అర్థముంది. అదీ పాలిస్టర్ తొడుగుతోనే, ఎందుకంటే ఒట్టి డైనీమా జారుడుకు క్లచ్‌కు, అంటే మోకును బిగించి పట్టే పరికరానికి, పట్టు దొరకదు. బలానికి 6 మిల్లీమీటర్లు సరిపోయినా అరచేతికి అది తీగలాగే కోసుకుంటుంది. ఆ పడవ క్లచ్ 8 నుంచి 10 మిల్లీమీటర్ల మోకును పట్టేది కావడంతో 10 తీసుకున్నాం.

చివరి పని పాత మోకు తాడు వైపు కొసకు కొత్తదాన్ని తగిలించి, తీగ వైపు నుంచి లాగడం. ముడి వేస్తే కప్పీలో ఇరుక్కుంటుంది. మొదటి ఏడాది ఒట్టి టేపు నమ్ముకుని స్తంభం లోపలే అతుకు ఊడగొట్టుకున్నవాణ్ని కనుక, ఈసారి తొడుగుతో తొడుగును దబ్బనంతో పది కుట్లు కుట్టి, పైన పలచగా టేపు చుట్టాను. అతుకు కప్పీ దాటేటప్పుడు చేతికి చిన్న కుదుపు తెలిసింది. కాసేపటికి కొత్త మోకు కొస పైనుంచి దిగి చేతికి అందింది.