తరంగంబాడి ఎరుగని తరంగంబాడి చేప

బరంపురంలో మా వీధికి వారానికి మూడు రోజులు గోపాలపురం నుంచి చేపల తట్ట తెచ్చే ఆవిడను నేను చాలా ఏళ్లుగా అప్పా అనే పిలుస్తున్నాను. ఆవిడ నన్ను టీచరమ్మా అంటుంది. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన మనిషినని తెలుసు గనుక, వలలో పడిన వింత ప్రాణి ఏదైనా కంటబడితే ఒడ్డున పారేయకుండా ఒక చిన్న సంచిలో వేసి నాకోసం పట్టుకొస్తుంది. పోయిన మాఘమాసంలో అలా తెచ్చినది ఒకటి నన్ను నాలుగు రోజులపాటు పుస్తకాల బీరువా దగ్గరే కూర్చోబెట్టింది.

"ఇదేటో చూడండి టీచరమ్మా, చేపో పురుగో తెలీడం లేదు. తక్కెట్లో వేస్తే రాయి పడ్డట్టు ఠంగుమంది" అంటూ ఆవిడ నా అరచేతిలో పెట్టిన ఆ ప్రాణి నా మధ్యవేలంత పొడవు కూడా లేదు. ఒళ్లంతా ఎముక పలకలే. వేలితో నొక్కితే చేప మెత్తదనం ఎక్కడా తగలలేదు. ఎండిన కొబ్బరి చిప్పను తడిమినట్టే ఉంది. ముక్కు ముందుకు సాగి ఉంది, నోరు దాని కిందికి దాగి ఉంది, రెండు పక్కలా విసనకర్రల్లాంటి రెక్కలు, వెనుక ఉంగరాలు ఉంగరాలుగా సన్నబడిన తోక. చూడగానే నాకు తట్టిన మాట "పోచర్". తట్టిన మరుక్షణమే అది అసాధ్యమని కూడా తట్టింది, ఎందుకంటే పోచర్లనే ఆ చేపలు మంచు కరిగిన నీళ్లలో బతికేవే తప్ప మన గంజాం తీరం ఛాయలకు వచ్చేవి కావు.

నిదానంగా చూస్తే అది సీ మాత్ అని తేలింది. పెగాసస్ అనే ప్రజాతికి చెందిన, ఉష్ణమండల సముద్రాల్లో ఇసుక మీద పాకే చేప. దీనికి దగ్గరి చుట్టాలు నీటి గుర్రాలు, గొట్టం చేపలు. పోచర్లు అగోనిడే అనే వేరే కుటుంబం. వాటి చుట్టరికమంతా స్కల్పిన్లు అనే చలినీటి చేపలతో. చుట్టరికం లేకపోయినా, అడుగున పాకుతూ చిన్న చిన్న పురుగులను, రొయ్య పిల్లలను ఏరుకుని తినే బతుకు ఒకటే కావడం వల్ల, ఈ రెండు వంశాలూ ఎవరి దారిన అవి ఒకే రకం కవచాన్ని తొడుక్కున్నాయి. తరగతిలో ఏళ్ల తరబడి గబ్బిలం రెక్కనూ పక్షి రెక్కనూ పక్కపక్కన గీసి ఈ సంగతి చెప్పాను గాని, ఇంత చక్కటి ఉదాహరణ గోపాలపురం ఇసుకలో దొరుకుతుందని అప్పట్లో తెలియలేదు.

పాతకాలపు లెక్క ప్రకారం అగోనిడే కుటుంబంలో యాభైకి కాస్త అటూ ఇటూగా జాతులున్నాయి. ఇటీవలి శాస్త్రజ్ఞులు సీ రేవెన్ల వంటి మరికొన్ని చేపలను కూడా ఇందులో చేర్చి ఇంటిని పెద్దది చేశారు గాని, నేను పాత ఇంటి గురించే మాట్లాడుతున్నాను. వీటిలో అత్యధిక భాగం ఉత్తర పసిఫిక్‌లోనే, అంటే జపాన్ ఉత్తర తీరం నుంచి బేరింగ్ సముద్రం, అలాస్కాల మీదుగా కాలిఫోర్నియా వరకు ఉన్న చలినీళ్లలోనే ఉంటాయి. ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్నవి కొద్ది. చాలా జాతులు జానెడు పొడవుకు లోపే. పిగ్మీ పోచర్ అనేది పది సెంటీమీటర్లు కూడా పెరగదు.

ఆ కవచం నిర్మాణం చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. మామూలు చేపకు పొలుసులుండే చోట వీటికి ఎముక పలకలుంటాయి. ఆ పలకలు తల నుంచి తోక దాకా వరుసలు కట్టి, పెంకుటింటి కప్పు మీది పెంకుల్లాగా అంచుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. చాలా జాతుల్లో ప్రతి పలక నడుమ వెనక్కి వంగిన చిన్న ముల్లు ఒకటి ఉంటుంది. వరుసలు కోణాలుగా ఏర్పడడం వల్ల ఒంటిని అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక పలుకోణాల గీతలాగా కనబడుతుంది. సీ మాత్‌కు నడుము భాగంలో పలకలన్నీ అతుక్కుపోయి ఒక్క పెట్టెలాగా తయారవుతాయి గాని, పోచర్లకు అవి విడివిడిగానే ఉంటాయి కాబట్టి కొంత వంగడానికి వీలుంటుంది. ఆ కొంత కూడా కొంతే. కొరమీనులాగా ఒళ్లంతా మెలితిప్పి దూసుకుపోవడం వీటి వల్ల కాదు. పక్క రెక్కలను తెడ్లలాగా ఆడిస్తూ అడుగున జరుగుతాయి. స్కల్పిన్ల లాగానే వీటికీ లోపల గాలితిత్తి ఉండదు. ఈదడం ఆపితే నీటిలో తేలకుండా నేల మీద వాలిపోతాయి. మోసేది ఎముక, తేల్చే తిత్తి లేదు, కనుక నేలనే నమ్ముకున్న బతుకు అది.

ఐరోపా వాళ్లు పోగ్ అని పిలిచే చేప ఈ కుటుంబంలో ముందుగా శాస్త్రానికెక్కిన వాటిలో ఒకటి. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దానికి పెట్టిన కాటాఫ్రాక్టస్ అనే పేరుకు కవచధారి అని అర్థం. గడ్డం కింద పోగులు పోగులుగా మీసాలుంటాయి, వాటితో బురదను తడుముతూ తిండి వెతుక్కుంటుంది. ఆడది కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు మొదళ్లలో గుడ్లు దాచిపెడుతుంది. ఆ గుడ్లు పొదగడానికి పట్టే కాలం నన్ను ఆశ్చర్యపరిచింది: దాదాపు ఏడాది. చలినీటిలో దేనికీ తొందర ఉండదు. మా వైపు జూన్‌లో చెరువులో పెట్టిన చేప గుడ్డు మరునాటికే పిల్లవుతుందని చూసిన కళ్లకు ఇది వేరే లోకం.

అయితే నేను నాలుగు రోజులు బీరువా దగ్గర కూర్చున్నది పోగ్ కోసం కాదు. పోచర్లకు మన తీరంతో సంబంధం లేదని అప్పకు చెప్పబోయి, ఎందుకో ఆగి, పాత కాగితాలు వెతికితే, సంబంధం ఉన్నట్టు ఒకప్పుడు అచ్చులో ఉన్నదని గుర్తుకు వచ్చింది.

బెర్లిన్‌లో వైద్యం చేసుకుంటూ చేపల మీద పెద్ద పెద్ద రంగుల సంపుటాలు వేసిన మార్కస్ ఎలీజర్ బ్లాక్ అనే ఆయన 1786లో ఒక చిన్న కవచం చేపను వర్ణించి, వీపు మీద ఒకే రెక్క ఉన్నందువల్ల ఒంటిరెక్కది అనే అర్థంలో మోనోప్టెరీజియస్ అని పేరు పెట్టాడు. దాని ఊరు తరంగంబాడి అని రాశాడు. తమిళ తీరంలో ఉన్న తరంగంబాడి అప్పట్లో డేన్ల, అంటే డెన్మార్క్ వాళ్ల, వలస స్థావరం. వాళ్లు ట్రాంకెబార్ అనేవారు, 1620 నుంచి 1845 వరకు వాళ్ల చేతిలోనే ఉంది. అక్కడి మిషనరీ క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్ మన సముద్రపు చేపలను బ్లాక్‌కు పంపుతూ ఉండేవాడు. ఆ తరువాత 1801లో ఫ్రాన్స్‌లో లాసెపేద్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చేపకు కొత్త ప్రజాతి కల్పించి, డాలు మోసే వాటిని పోలినది అనే అర్థంలో ఆస్పిడోఫోరాయిడెస్ అన్నాడు, జాతి పేరుగా ఏకంగా ఊరి పేరే పెట్టాడు: ఆస్పిడోఫోరాయిడెస్ ట్రాంకెబార్.

ఆ చేప తరంగంబాడిని ఏనాడూ చూసి ఉండదు. ఇంగ్లీషులో ఎలిగేటర్ ఫిష్ అని పిలిచే ఈ సన్నటి చేప గ్రీన్‌లాండ్, లాబ్రడార్, న్యూఫౌండ్‌లాండ్ తీరాల నుంచి అమెరికా ఈశాన్య తీరం వరకు ఉండే చలినీళ్లది. మరి తరంగంబాడి చీటీ దానికి ఎలా అంటుకుంది? నా ఊహ ఇది. గ్రీన్‌లాండ్ కూడా డెన్మార్క్ ఏలుబడిలోనిదే. ఇటు ట్రాంకెబార్ నుంచి, అటు గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన నమూనాలు ఐరోపాలోని ఏదో ఒక గదిలో పక్కపక్కన చేరి ఉంటాయి, సారాలో నానుతున్న సీసాల చీటీలు ఎవరి చేతిలోనో తారుమారై ఉంటాయి. నామకరణ నియమాల్లో ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి 1786 నాటి మోనోప్టెరీజియస్ నిలిచింది, ట్రాంకెబార్ అనే పేరు పర్యాయనామాల జాబితాలోకి జారిపోయింది. లాసెపేద్ ప్రజాతి పేరు మాత్రం నేటికీ చెల్లుతోంది.

తప్పు చిరునామా సంగతి చదువుతుంటే నాకు నవ్వు వచ్చింది. పింఛను కాగితాల పని మీద వెళ్లినప్పుడు ఒక గుమాస్తా నన్ను "ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఒక గడిలో ఏదో రాసేశాడు. మా తాతగారు పుట్టింది బరంపురంలోనే, అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఇల్లు ఉన్నచోటనే ఉంది, జిల్లాయే రాష్ట్రం మారింది. ఆ గడి దిద్దించుకోవడానికి నాకు మూడు సార్లు తిరగవలసి వచ్చింది. చేప తరఫున తిరిగేవాళ్లు లేరు.

చీటీ తప్పని మనం ఎందుకు అంత ధైర్యంగా అనగలమంటే, చలి అనేది ఆ చేపకు ఇష్టాయిష్టాల విషయం కాదు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న సముద్రపు నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు, గోపాలపురం దగ్గర వేసవిలో ఉండే 28, 29 డిగ్రీల నీటిలో కరిగేదాని కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ. నీరు వేడెక్కే కొద్దీ ఒంటికి కావలసిన వాయువు పెరుగుతుంది, నీటిలో దొరికేది తగ్గుతుంది. చలినీటికి కట్టుబడిన చేప ఈ రెండింటి మధ్య నలిగిపోతుంది. బంగాళాఖాతం లోతుల్లో నీళ్లు చల్లగానే ఉంటాయి కదా అని పిల్లలు అడిగేవారు. నిజమే, అట్టడుగున చాలా చల్లగా ఉంటాయి. కాని నడుమ కొన్ని వందల మీటర్ల మేర ప్రాణవాయువు దాదాపు కరువైన పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. పైగా పోచర్లలో ఎక్కువ భాగం తీరానికి చేరువగా ఉండే అడుగునేల మీద బతికేవి. ఉత్తర ధ్రువం వైపు నుంచి ఇక్కడికి రావాలంటే వేల మైళ్ల వెచ్చటి తీరం దాటాలి.

దాటినవి లేవా అంటే, ఉన్నాయి. డార్విన్ బీగిల్ నౌకలో వెళ్లినప్పుడు చిలీ దేశంలోని చిలోయే దగ్గర ఒక పోచర్‌ను సేకరించాడు, దానికి ఆ దీవి పేరే నిలిచింది, ఆ చీటీ సరైనదే. ఉత్తరాన పుట్టిన వంశంలో ఏదో ఒక కొమ్మ అమెరికాల పడమటి అంచు పట్టుకుని భూమధ్యరేఖను దాటి దక్షిణాన మళ్లీ చలి దొరికిన చోట స్థిరపడింది. ఆ తీరంలో చల్లటి ప్రవాహాలు, అడుగు నుంచి పైకి ఉబికే చల్లటి నీళ్లు ఉన్నాయి. మనకు అటువంటి మెట్ల దారి లేదు.

రాక్‌హెడ్ అనే ఇంకొకదాని గురించి రెండు మాటలు చెప్పి తీరాలి. అలాస్కా నుంచి కాలిఫోర్నియా వరకు, ఆటుపోట్ల రాళ్ల సందుల్లో ఉండే ఈ బొటనవేలంత చేపకు నడినెత్తిన ఒక గుంట ఉంటుంది, కుంకుడు గింజ పెట్టడానికి రోలు తొలిచినట్టు. అది ఎందుకన్నది చాలాకాలంగా పజిల్. ఎక్స్‌రేలతో పొరలు పొరలుగా తీసిన చిత్రాల ఆధారంగా ఇటీవల అమెరికాలో ఒక పరిశోధకుడు చేసిన ప్రతిపాదన ఏమిటంటే, ఆ గుంట వెనుకనే ఉన్న చదునైన పక్కటెముకలు కండరాల బలంతో దాని అడుగును కొడతాయని, అంటే చేప తన పుర్రెనే డప్పుగా వాయిస్తుందని. అలలు రాళ్లకు కొట్టుకునే ఆ హోరులో పొరుగుదానికి మాట వినిపించాలంటే రాయి ద్వారా పంపడమే మార్గమేమో. ప్రతిపాదనే అయినా నాకు బాగా నచ్చింది.

చీటీ సరిగ్గా అంటుకున్న చేపలు కూడా మన తీరంలో ఉన్నాయని ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను 1803లో లండన్‌లో అచ్చువేయించినప్పుడు, జాలరులను అడిగి తెలుసుకున్న తెలుగు పేర్లనే వాటి పక్కన రాశాడు. అలా వెళ్లినదే కానాగుర్త. 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసుకోవడంతో, నేటికీ ప్రపంచమంతటా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. తరంగంబాడి జాన్ పేరు మీద బ్లాక్ పెట్టిన జానియస్ ప్రజాతి కూడా నిలిచింది. మనం గొరసలు అనే చేపల్లో కొన్ని అందులోనివే.

నాలుగు రోజుల తరువాత అప్ప మళ్లీ వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను. గ్రీన్‌లాండ్, డెన్మార్క్, చీటీలు అన్నీ ఓపికగా విని, ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇంతకీ కూరకొస్తాదా, రాదా?"

వస్తుందని చెప్పాను. జపాన్ ఉత్తరాన హొక్కయిడోలో పోచర్లలో పెద్ద జాతి ఒకటి దొరుకుతుంది, మగదానికి వీపు మీద తెరచాపంత రెక్క ఉంటుంది. ఒంటికి ఎనిమిది అంచులు ఉండడం వల్ల దాన్ని అక్కడి వాళ్లు హక్కకు, అంటే ఎనిమిది మూలలది, అని పిలుస్తారు. పలకలు ఒలవడం కష్టం గనుక వీపు మీద చీల్చి, కవచాన్నే గిన్నెలాగా ఉంచి, లోపలి మాంసానికి మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. మాంసంలో కొవ్వు ఎక్కువ, రుచి బాగుంటుందని ప్రసిద్ధి.

అప్ప నా చేతిలోని సీ మాత్‌ను, నా ముఖాన్ని మార్చి మార్చి చూసింది. "అంత పెంకు ఒలిచి తినాలంటే అక్కడ గొరసలు దొరకవు కామోసు టీచరమ్మా" అని, నేను అడగకుండానే అరకిలో గొరసలు తక్కెట్లో వేసింది.