రిపోర్ట్ రావడానికి ఇంకా రెండు రోజులు

తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేసింది. రిపోర్ట్ ఎల్లుండి గానీ రాదు. "మామూలు పరీక్షే" అన్నారు డాక్టర్. ఆ వేళప్పుడు ఏ పరీక్షా మామూలుగా అనిపించదు.

ఇక నిద్ర పట్టదని సెమినార్ నోట్సు ముందేసుకున్నాను. ఈ వారం నా వంతు. మనోచికిత్సలో అస్తిత్వవాద-మానవతావాద ధోరణికీ ట్రాన్స్‌పర్సనల్ ('నేను'ను దాటి చూసే) ధోరణికీ తేడా చెప్పాలి. పగలు చదివితే మార్కుల కోసం చదివినట్టుండేది. ఇప్పుడేమో నన్ను ఎదురుగా పెట్టుకుని రాసినట్టుంది.

మనిషికి తప్పనివి నాలుగంటాడు అస్తిత్వవాద మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. వీటి ముందు నిలబడితే పుట్టే ఆందోళన ఆ బడిలో జబ్బు కాదు. థెరపిస్టు దాన్ని తగ్గించేయాలని తొందరపడడు. "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగి పక్కనే ఉంటాడు. (గొంతులో. ఉమ్మి కూడా మింగుడు పడటం లేదు.) అదే బడికి చెందిన మనస్తత్వవేత్త రోలో మే క్షయతో శానటోరియంలో ఉన్న రోజుల్లోనే ఆందోళన గురించి లోతుగా చదివాడట. ఆయన మీద నాకు గురి అందుకే.

మధ్యాహ్నం స్నేహితురాలు ఫోన్ చేసింది. రోజూ ధ్యానం చేసే మనిషి. "భయపడుతున్నది ఎవరో ఒకసారి చూడవే" అంది.

"నేనేనే, ఇంకెవరు!" అని పెట్టేశాను.

అది ట్రాన్స్‌పర్సనల్ వాళ్లు అడిగే ప్రశ్నే. 'నేను' అనుకునేదాని అంచులు దాటి కూడా మనసు ఉందనీ, అక్కడా చికిత్సకు పనుందనీ వాళ్ల వాదన. మనిషిలోని చీకటిని చూడకుండా దాని మీంచి దూకేస్తున్నారని 1980ల్లో రోలో మే గట్టిగానే అభ్యంతరపెట్టాడు. పొద్దుటిదాకా నాదీ అదే మాట. తమాషా ఏమిటంటే, మానని గాయాన్ని ఆధ్యాత్మికతతో కప్పేసుకోవడం ఉందని హెచ్చరించి దానికి పేరు పెట్టిన జాన్ వెల్‌వుడ్ కూడా ట్రాన్స్‌పర్సనల్ వైపువాడే.

ఫోన్ పెట్టేశాక మళ్లీ నోట్సు తిరగేస్తుంటే ఇంకోటి కనిపించింది. ఈ రెండు దారులకూ చెరో పత్రిక ఉంది. ఒకటి 1961లో, ఇంకోటి 1969లో మొదలైంది. రెండింటికీ తొలి సంపాదకుడు ఒకడే, ఆంథొనీ సూటిచ్. పడుచు వయసులోనే ఒళ్లు కదలకుండా అయిపోయి, జీవితమంతా పడుకునే పని చేసినవాడు. రెండింట్లోనూ ఆయనకు తోడున్న మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లోకి 1967లో గుండెపోటు వచ్చింది. ఆ తర్వాతి రోజుల్ని 'చనిపోయాక దొరికిన బతుకు' అనుకున్నాడు. ఎక్కడో శిఖరం మీద కాదు, మామూలు వస్తువుల్లోనే నిలకడైన ఆశ్చర్యం కనిపించిందన్నాడు. 1970లో పోయాడు.

అంటే వీళ్లు శరీరం పట్టని మనుషులేం కాదు. రోలో మే లాగే మంచం పట్టి వచ్చినవాళ్లే. సెమినార్ నోట్సులో "ట్రాన్స్‌పర్సనల్ అంటే తప్పించుకోవడం" అని రాసుకున్న వాక్యం కొట్టేశాను. బదులుగా ఏం రాయాలో ఇంకా తేలలేదు.

సాయంత్రం ఆరిన బట్టలు మడత పెడుతుంటే కాసేపు రిపోర్ట్ గుర్తే రాలేదు. దుప్పటి అంచూ అంచూ కలపడం, అంతే. అది మాస్లో చెప్పిందేనా, లేక నిద్ర చాలక మొద్దుబారానా? దిండు గలీబు మడిచేసరికి గొంతులో ముద్ద మళ్లీ వచ్చింది.

స్నేహితురాలికి "సారీ, పొద్దున్నుంచీ టెన్షన్‌గా ఉంది" అని మెసేజ్ పెట్టాను. "ఎల్లుండి నేనూ వస్తా" అని జవాబిచ్చింది.